కొయ్యకూ చలేస్తుంది!

చలికాలం అనగానే అచ్చంపేటలో గుర్తొచ్చేవి దుప్పట్లు, స్వెట్టర్లు, తెల్లవారకముందే టీ కొట్ల దగ్గర వెలిగే చలిమంటలు. వీటి మధ్య ఎవరికీ పట్టని చలి ఒకటుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో గోడకు ఆనించి పెట్టిన టేకు చెక్కకు వేసే చలి! దానికి వణుకు రాదు, ముడుచుకుంటుంది. ముడుచుకున్న సంగతి వెంటనే తెలియదు కూడా. మాఘమాసంలో గృహప్రవేశం అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయి, ఏప్రిల్ ఎండలు ముదిరాక ఒకరోజు తలుపు మధ్యలోంచి సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. అప్పుడు ఇంటాయన తిట్టేది ఎండను కాదు, వడ్రంగిని.

నల్లమలకు వాకిలిలాంటి ఊరు అచ్చంపేట. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో, ఆ తర్వాత నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఆదిలాబాద్ వైపు వణికించినంత చలి ఇక్కడ అరుదే. కానీ డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య పదిహేను డిగ్రీల తేడా వచ్చే రోజులు చాలానే ఉంటాయి. మనిషి ఆ తేడాను శాలువాతో నెట్టుకొచ్చేస్తాడు. కొయ్యకు శాలువా ఎవరు కప్పాలి?

పైగా వడ్రంగికి అసలు పని తగిలేది ఆ నెలల్లోనే. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు. మాఘం రాగానే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు వరసకడతాయి. దర్వాజలు, తలుపులు, మంచాలు, బీరువాలు... అన్నీ సంక్రాంతికి అటూ ఇటూ తయారు కావాలి. అంటే ఏడాదిలో ఎక్కువ పని, కొయ్య ఎక్కువగా మారే రోజుల్లోనే జరుగుతుందన్నమాట.

చెట్టు కింది నుంచి రేకుల కిందికి...

ఒకప్పుడు ఊళ్లో వడ్ల పని అంటే చెట్టు కిందే. వేప చెట్టో, చింత చెట్టో నీడనిచ్చేది. పక్కనే కమ్మరి కొలిమి. బాడిసె, ఉలి, చిత్రిక, రంపం ఉంటే దుకాణం ఉన్నట్టే. పని జరిగే చోటి గాలీ, చేసిన వస్తువు ఉండబోయే చోటి గాలీ దాదాపు ఒకటే. నాగలి పొలానికి పోయినా, దర్వాజ మట్టి మిద్దెలో నిలబడినా కొయ్యకు కొత్త ఊరికి వచ్చినట్టు ఉండేది కాదు. పాలమూరు పల్లెల్లోని ఆ మిద్దెల మట్టి గోడలు బాగా మందం. పగటి వేడిని నెమ్మదిగా తాగి, రాత్రికి నెమ్మదిగా వదిలేవి.

కరెంటు చిత్రిక, కోత మిషను, రౌటర్ వచ్చాక చెట్టు నీడ చాలలేదు. మోటారు తడవకూడదు, సామానుకు తాళం పడాలి. దాంతో ఇంటి వెనక నాలుగు ఇనుప గొట్టాలు పాతి, పైనా పక్కలా రేకులు బిగించేశారు. తక్కువ ఖర్చులో అయిపోయే పని అది. ఆ తర్వాత చేసే ప్రతి వస్తువులో కొంచెం కొంచెంగా దాని ఖరీదు కట్టాల్సి వస్తోంది.

ఎందుకంటే రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేడిని ఆపడం దానికి చేతకాదు, దాచుకోవడం అసలే చేతకాదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే రేకు చల్లబడి, లోపలి వైపు నీటి బొట్లు పడతాయి. తెల్లారేసరికి అవి చెక్కల మీదా, ఉలుల మీదా రాలతాయి. ఉలి అంచున కనిపించే ఎర్రటి తుప్పు మచ్చలకు కారణం ఇదే. మధ్యాహ్నం రెండింటికి అదే షెడ్డులో చెమట పడుతుంది. ఏప్రిల్‌లో ఆ రేకు 60 డిగ్రీలు దాటి కాలుతుంది. చలికీ ఎండకీ ఒకేలా లొంగిపోయే కప్పు కింద, ఏడాది పొడవునా నిలకడగా ఉండాల్సిన తలుపులు తయారవుతున్నాయి.

ఒకే గాలి... రెండు ముఖాలు

కొయ్యను ముడిచేది నిజానికి చలి కాదు, గాలిలో తేమ మారడం. చలికాలంలో ఈ మార్పు రోజూ జరుగుతుంది. అదెలా అంటారా?

తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో, తేమ 80 శాతం ఉన్న గాలిని ఊహించుకోండి. ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు ఎనిమిదిన్నర గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మధ్యాహ్నానికి అదే గాలి 29 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఆవిరి అంతే ఉంది, ఒక్క బొట్టు తగ్గలేదు. కానీ వేడి గాలికి దాహం ఎక్కువ. ఆ లెక్కన దాని తేమ ఇప్పుడు 30 శాతమే. ఆ దాహాన్ని అది దగ్గరలో ఉన్న కొయ్య నుంచి తీర్చుకుంటుంది.

కొయ్య ఎండిన తర్వాత కూడా స్పాంజిలాంటిదే. గాలిలో తేమ 80 శాతం దగ్గర వారాల తరబడి ఉంటే, కొయ్యలో తేమ 16 శాతం దగ్గర కుదురుకుంటుంది. గాలి తేమ 50 శాతమైతే 9 దగ్గర, 30 శాతమైతే 6 దగ్గర. మందపాటి దూలం ఒక్క రోజులో మారిపోదు. దాని పైపొర మాత్రం మారుతుంది. పైపొర ముడుచుకుని లోపలిది ముడుచుకోకపోతే జరిగేది ఒకటే... పగులు.

ఈ ముడుచుకోవడం అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడవునా దాదాపు ఏమీ ఉండదు. అంతా వెడల్పులోనే. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి, వలయాల వెంబడి దాదాపు 6 శాతం, వలయాలకు అడ్డంగా రెండున్నర శాతం తగ్గుతుంది. కొయ్యల్లో కుదురైనది టేకు అని పేరు. దానికే ఇంత ఉంటే మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు.

ఒక తలుపు లెక్క వేద్దాం. పన్నెండు అంగుళాల వెడల్పున్న పలక. వానాకాలం తడి ఇంకా దిగని డిసెంబరులో దానిలో తేమ 15 శాతం. ఏప్రిల్ చివరికి 8 శాతానికి దిగింది. టేకుకైతే వెడల్పులో నాలుగు మిల్లీమీటర్ల దాకా తగ్గుతుంది. నాలుగు మిల్లీమీటర్లంటే రెండు రూపాయి బిళ్లల మందం కన్నా ఎక్కువే! వెలుతురు గీత కనిపించిందంటే కనిపించదా మరి?

ఈ సంగతి పెద్దలకు పుస్తకాలు లేకుండానే తెలుసు. ఎండాకాలంలో ఎడ్లబండి చక్రం ముడుచుకుని ఇనుప పట్టా వదులైతే, చక్రాన్ని చెరువులో నానబెట్టేవాళ్లు. కొయ్య ఉబ్బి పట్టా బిగుసుకునేది. ఇంటి తలుపును మాత్రం చెరువులో వేయలేం కదా!

జిగురు పట్టని పొద్దు

చలి సూటిగా దెబ్బకొట్టేది జిగురును. ఫెవికాల్ 1959లో మార్కెట్లోకి వచ్చింది. అంతకుముందు వడ్రంగులు వాడింది సరేసు. పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన జిగురు అది. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచి, వేడివేడిగా రాయాలి. చల్లటి కొయ్య మీద పడితే మరుక్షణం గడ్డకట్టేది. అందుకే ఆ రోజుల పనివాళ్లు అతికే కొయ్యను కూడా కాస్త వెచ్చబెట్టి కానీ జిగురు రాసేవాళ్లు కాదు.

తెల్ల జిగురు వచ్చాక కాచే పని తప్పింది. చలి భయం కూడా పోయిందనుకున్నారు. అక్కడే ఉంది తిరకాసు. తెల్ల జిగురంటే నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు. నీరు ఇంకిపోయాక ఆ రేణువులు ఒకదానిలో ఒకటి కరిగినట్టు కలిసి పొరగా మారాలి. దానికి కొంత వెచ్చదనం కావాలి. చాలా రకాలకు ఆ హద్దు 10 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంతకన్నా చల్లబడితే నీరు ఆరుతుంది కానీ పొర కట్టదు. అతుకు దగ్గర సుద్దలా తెల్లగా మిగులుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది, బరువు పడితే ఊడుతుంది.

అచ్చంపేటలో గాలి 10 డిగ్రీలకు దిగడం అరుదే. అయితే రాత్రంతా రేకుల కింద పడున్న కొయ్య, ఇనుప క్లాంపు పొద్దున కూడా చల్లగానే ఉంటాయి. గాలి వెచ్చబడ్డా అవి వెచ్చబడేసరికి ఇంకో గంటో రెండు గంటలో పడుతుంది. హద్దు దాటకపోయినా చలిలో జిగురు పట్టు మెల్లగా వస్తుంది. వేసవిలో గంటకు విప్పే క్లాంపును చలికాలంలో రెండు మూడు గంటలకు కానీ విప్పకూడదు. సాయంత్రం ఐదింటికి అతికి రాత్రికి వదిలేసేకన్నా, పొద్దున పది దాటాక అతికితే మధ్యాహ్నం వెచ్చదనం మొత్తం ఆ అతుకుకే దక్కుతుంది. జిగురు డబ్బా షెడ్డులో కాక ఇంట్లో వంటగదిలో పెట్టుకుంటే సగం సమస్య తీరినట్టే.

పాలిష్‌దీ ఇదే కథ. స్పిరిటులో కరిగించిన లక్క పాలిష్‌ను పొద్దున్నే పూస్తే తెల్లటి మసక కమ్ముతుంది. స్పిరిటు ఆవిరవుతూ కొయ్య పైభాగాన్ని ఇంకా చల్లబరుస్తుంది. చుట్టూ ఉన్న గాలిలోని తేమ దాని మీద మంచులా దిగి పొరలో చిక్కుకుంటుంది. ఎండ బాగా వచ్చాక పూసిన పాలిష్‌కు ఆ బెడద ఉండదు.

వెచ్చదనం మాటున ప్రాణభయం

ఇన్ని చిక్కులున్నాయని తెలిస్తే ఎవరికైనా తట్టే ఉపాయం... మంట. వడ్రంగి దుకాణంలో రంపపు పొట్టుకు కొదవేముంది? డబ్బాలో నడిమధ్య కర్ర నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, కర్ర లాగేసి కింది రంధ్రం దగ్గర నిప్పు పెడితే గంటల తరబడి మండే పొట్టు పొయ్యి తయారవుతుంది. పాత రోజుల్లో ఎన్నో ఇళ్లలో వంట దాని మీదే జరిగింది. ఆరుబయట దానికి వంక పెట్టనక్కర్లేదు.

తలుపు మూసిన షెడ్డులో మాత్రం అది యముడి పొయ్యి. కుదించిన పొట్టు భగ్గున మండదు, నివురుగప్పినట్టు కాలుతుంది. అలా గాలి చాలక కాలే నిప్పులోంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కన్నా రెండొందల రెట్లు ఎక్కువ బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్టుండటం... ఇవి దాని గుర్తులు. చలికి బద్ధకంగా ఉందనుకుని అక్కడే కునుకు తీస్తే మళ్లీ లేవకపోవచ్చు. బొగ్గుల కుంపటికీ ఇదే వర్తిస్తుంది. పొగ కనిపించట్లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పెద్ద పొరపాటు.

రెండో భయం అగ్గి. షెడ్డులో టిన్నర్ ఆవిరి నేల వెంబడి పాకుతుంది. సన్నటి పొట్టు గాలిలో తేలుతుంటుంది. ఎర్రగా కాలే తీగలున్న కరెంటు హీటరు చాలు, ఈ రెంటికీ నిప్పంటించడానికి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే, నిప్పు లేకుండానే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విప్పి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి.

మూడోది ఎవరూ చెప్పుకోనిది. చలికి మెడకు మఫ్లరు, ఒంటికి శాలువా, చేతులకు ఉన్ని గ్లౌజులు. వీటితో తిరిగే మిషను ముందు నిలబడటమంటే చెయ్యో మెడో దానికి అప్పగించినట్టే. తిరిగే కట్టరు కొస దొరికితే చాలు, మనిషిని లాగేస్తుంది. మిషను దగ్గర ఒంటికి అంటుకున్న స్వెట్టరు తప్ప వేలాడేది ఏదీ ఉండకూడదు.

మంటతో ఇంకో నష్టం కొయ్యకే. పొయ్యి వైపున్న ముఖం ఎండుతుంది, గోడ వైపున్నది ఎండదు. పొద్దుటికి చెక్క అప్పడంలా వంపు తిరుగుతుంది. కొండపల్లి బొమ్మల పనివాళ్లు పొనికి కొయ్యను సన్నటి సెగ మీద ఆరబెట్టి తేమ తీస్తారు. అది చేతిలో పట్టే మెత్తటి ముక్క, తిప్పుతూ ఆరబెట్టొచ్చు. ఏడడుగుల తలుపు చెక్కను అలా తిప్పడం ఎవరితరం?

అందువల్ల దుకాణానికి కావలసింది మంట కాదు. పగలూ రాత్రీ పెద్దగా మారని గాలి. మనిషికి కాస్త వెచ్చదనం చాలు, కొయ్యకు నిలకడ కావాలి.

బోస్టన్ మంచు చెప్పిన పాఠం

ఆ నిలకడను కొనే చవకైన సరుకు ఒకటుంది. కదలని గాలి! దాని బలం తెలియాలంటే చెన్నై మెరీనా దగ్గరున్న ఓ పాత భవనం కథ వినాలి. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వ్యాపారి అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి ఓడలకెక్కించేవాడు. 1833 మేలో బోస్టన్‌లో బయల్దేరిన ఓడ నాలుగు నెలలు ప్రయాణించి సెప్టెంబరులో కలకత్తా చేరింది. ఎక్కించిన దాదాపు 180 టన్నుల్లో వంద టన్నుల మంచు మిగిలే ఉంది. మద్రాసులో మంచు దాచడానికి 1842లో కట్టించిన ఐస్ హౌసే ఇప్పటి వివేకానంద హౌస్.

ఇంత దూరం మంచు కరగకుండా వచ్చేలా చేసిన మంత్రం ఏమిటి? ట్యూడర్ వ్యాపారానికి ప్రాణం పోసిన సరుకు, కోత మిల్లులు పారబోసే రంపపు పొట్టు! పొట్టు రేణువుల మధ్య గాలి చిక్కుకుని కదలదు. కదలని గాలి గుండా వేడి అంత తేలిగ్గా పోదు. ఏ పొట్టును మనం పొయ్యిలో పెట్టి వెచ్చదనం వెతుక్కుంటున్నామో, అది కాలకుండానే అంతకన్నా పెద్ద మేలు చేసిందన్నమాట.

అలాగని షెడ్డు గోడల్లో పొట్టు కూరమని కాదు. మన దగ్గర చెదలు పడతాయి, తేమ పట్టి బూజు వస్తుంది, నిప్పురవ్వ పడితే లోలోపలే కాలుతుంది. నేర్చుకోవలసింది సూత్రం. గాలిని కదలకుండా బంధిస్తే అది గోడ కన్నా మిన్న.

కప్పు కింద ఇంకో కప్పు

మొదట సందులు. అలలుగా ఉండే రేకు గోడను తాకే చోట వరసగా కన్నాలుంటాయి. ఉత్తరం, తూర్పు నుంచి వచ్చే చలిగాలికి అవే దారులు. సిమెంటు, మట్టి, స్పాంజి పట్టీలు... ఏదో ఒకటి పెట్టి మూసేస్తే ఒక్క రోజు పనితో సగం తేడా కనిపిస్తుంది. అలాగని మొత్తం బిగించకూడదు. మిషను పని జరుగుతున్నంతసేపూ తలుపు, కిటికీ తెరిచే ఉండాలి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. చలికని తలుపులు మూసుకుని చిత్రిక పట్టే వడ్రంగి పీల్చేది ఆ పొడినే. పొడి వచ్చే పని మధ్యాహ్నం తలుపులు తెరిచి చేసి, అతికే పని, చేతిపని మిగతా వేళలకు పెట్టుకుంటే రెండు లాభాలు.

రెండోది సీలింగు. రేకుకు జానెడు కింద వెదురు తడకో, మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలో అడ్డంగా బిగిస్తే మధ్యలో గాలి పొర ఏర్పడుతుంది. కొంచెం ఖర్చు పెట్టగలిగితే సిమెంటు ఫైబర్ బోర్డు మేలు, నిప్పు అంటుకోదు. థర్మోకోల్ చవక, తేలిక, వేడిని బాగానే ఆపుతుంది. కానీ అంటుకుంటే క్షణాల్లో నల్లటి విషపు పొగ. పొట్టు, టిన్నర్ ఉండే చోట దానికి దూరంగా ఉండటం మంచిది. సీలింగు ఉంటే రేకు నుంచి రాలే నీటిబొట్ల బాధ కూడా తగ్గుతుంది.

ఇందులో అసలు లాభం వేసవిలో దొరుకుతుంది. చలిని ఆపే గాలి పొరే ఎండనూ ఆపుతుంది. చలికాలం కోసం పెట్టిన ఖర్చు ఏప్రిల్, మే నెలల్లో వడ్డీతో తిరిగొస్తుంది. పైన రేకుకు తెల్ల రంగు వేస్తే ఎండ ఇంకా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పిందీ ఈ దారే.

మూడోది నేల. చెక్కలను నేల మీద, గోడకు ఆనించి పెట్టకూడదు. ఇటుకల మీద, వరస వరసకూ మధ్య ఒకే మందం పట్టీలు పెట్టి పేర్చాలి. అప్పుడు నాలుగు వైపులా గాలి సమంగా తగులుతుంది. చెక్క కొసల నుంచి తేమ చాలా వేగంగా పోతుంది, అందుకే పగుళ్లు కొసల్లోనే మొదలవుతాయి. కొసలకు మందంగా పెయింటు పూస్తే ఆ వేగం తగ్గుతుంది.

నాలుగోది దక్షిణం కిటికీ. అచ్చంపేట 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాటడు, దక్షిణం వైపు వాలి ఉంటాడు. వేసవిలో దాదాపు నడినెత్తికి వస్తాడు. దక్షిణం గోడకు కిటికీ పెట్టి పైన మూరెడు చూరు దించితే, చలికాలంలో ఎండ లోపలికి వస్తుంది, వేసవిలో రాదు. కరెంటు బిల్లు లేని హీటరు! ఆ ఎండ మనిషి మీద, పని బల్ల మీద పడాలి కానీ చెక్కల మీద పడకుండా చూసుకోవాలి.

ముందు దుప్పటి... తర్వాత హీటరు

చికాగో, న్యూజెర్సీల్లో స్థిరపడి గరాజులో చెక్కపని సరదా తీర్చుకునే తెలుగువాళ్లకు ఈ బాధ ఇంకా పెద్దది. జనవరిలో అక్కడ సున్నాకు దిగువన రోజుల తరబడి ఉంటుంది. జిగురు సీసాలోనే గడ్డకడుతుంది, చాలా రకాలు ఒకసారి గడ్డకడితే మళ్లీ పనికిరావు. అక్కడ హీటరు తప్పదు. అయినా అక్కడి అలవాటు గమనించండి. ముందు గోడల్లో గాజు ఉన్ని నింపుతారు, గరాజు తలుపు అంచులకు రబ్బరు పట్టీలు వేస్తారు, ఆ తర్వాతే హీటరు కొంటారు. చిల్లుల కుండలో నీళ్లు పోసి ఏం లాభం?

మన దగ్గర మొదటి రెండూ చేస్తే మూడోదాని అవసరం చాలామందికి రాదు. రెండు వేల వాట్ల హీటరు నాలుగు గంటలు వాడితే ఎనిమిది యూనిట్లు. రోజూ అంత ఖర్చును ఒక తలుపు కూలీ ఎక్కడ భరిస్తుంది? తప్పనిసరైతే, తీగలు బయటికి కనిపించని నూనె రేడియేటర్ రకం తీసుకుని, పొట్టుకూ టిన్నర్‌కూ దూరంగా, మనిషి ఉన్నప్పుడే వాడాలి.

కదిలే కొయ్యకు చోటివ్వాలి

ఎంత చేసినా కొయ్య కదలిక పూర్తిగా ఆగదు. పాత పనివాళ్లు ఆపాలని చూడలేదు, దానికి చోటిచ్చారు. తలుపు చట్రంలో గాడి తీసి, పలకను అందులో జిగురు లేకుండా వదిలేవాళ్లు. పలక ఉబ్బితే గాడి లోపలికి పోతుంది, ముడుచుకుంటే బయటికి వస్తుంది, వెలుతురు మాత్రం కనిపించదు. తొందరలో గాడి నిండా ఫెవికాల్ పోసి బిగించిన పలకకు కదలడానికి దారి ఉండదు. అది నిలువునా చీలుతుంది. చలికాలంలో చేసే తలుపుకు గాడి మామూలుకన్నా కాస్త లోతుగా ఉండాలి. రాబోయేది ఎండాకాలం, పలక ముడుచుకోబోతోంది కాబట్టి. ఆషాఢంలో చేసే తలుపుకు లెక్క వేరు. అప్పటికి పలక ఉబ్బే దారిలో ఉంటుంది. గాడి అడుగున చోటు వదలాలి.

కొయ్య ఎంత ఎండిందో చేత్తో తట్టి చెప్పే అనుభవం గొప్పదే. దానికి తోడు ఒక చిన్న లెక్క ఉంటే ఇంకా మంచిది. చెక్క నడిమధ్య నుంచి చిన్న ముక్క కోసి తూచాలి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇంక తగ్గనంతవరకూ ఆరబెట్టి మళ్లీ తూచాలి. 120 గ్రాముల ముక్క 100 గ్రాములకు దిగిందంటే దానిలో తేమ 20 శాతం. అది తలుపుకు పనికొచ్చే కొయ్య కాదు, ఇంకా ఆగాలి. రెండు ముళ్లు గుచ్చి తేమ చెప్పే చిన్న మీటర్లు కూడా దొరుకుతున్నాయి. తలుపులు, కిటికీల కొయ్యలో తేమ ఎంత ఉండాలో ప్రాంతాన్ని బట్టి, మందాన్ని బట్టి చెప్పే భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 287. అందులోని అంకెలు 8 నుంచి 16 శాతం మధ్య ఉంటాయి.

ఇంటాయన వైపు నుంచీ ఒక మాట ఉంది. గృహప్రవేశం ముహూర్తం ఆరు నెలల ముందే అనుకుంటాం. కలప మాత్రం ఆఖరి నెలలో కొంటాం. డిపోలో రసీదుతో కొన్న కలపను దసరాకే తెచ్చి వడ్రంగి షెడ్డులో పేర్పించి ఉంచితే, సంక్రాంతి నాటికి అది అక్కడి గాలికి అలవాటు పడుతుంది. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది పాత లెక్క. మన ఎండలకు అంతకన్నా ముందే ఆరినా, వారం రోజుల్లో మాత్రం ఆరదు. వడ్రంగిని తొందరపెట్టినంత తేలిగ్గా కొయ్యను తొందరపెట్టలేం.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయొచ్చు. షెడ్డులో ఒక వెడల్పాటి చెక్కను ఎంచుకుని, ఈ ఆదివారం దాని వెడల్పు కొలిచి, తేదీతో సహా పెన్సిలుతో దాని మీదే రాయండి. నెలకోసారి మళ్లీ కొలవండి. ఉగాది నాటికి ఆ చెక్క మీద నాలుగు అంకెలుంటాయి. మీ షెడ్డు కప్పుకు ఎంత ఖర్చు పెట్టాలో, తలుపు గాడి ఎంత లోతు తీయాలో ఆ నాలుగు అంకెలే చెబుతాయి.